తాకకుండా వృద్ధుల ఆరోగ్య పర్యవేక్షణ

వృద్ధుల ఒంటికి ఏ పరికరమూ తగిలించకుండా, వాళ్ల చేత ఏ మీటా నొక్కించకుండా, గోడమీదో పైకప్పుకో పరుపు కిందో అమర్చిన సెన్సర్లతో శ్వాస, గుండె వేగం, నిద్ర, నడక, పడిపోవడం వంటివాటిని గమనించే పద్ధతులను స్పర్శరహిత ఆరోగ్య పర్యవేక్షణ అంటారు. రాడార్, వై-ఫై తరంగాలు, కెమెరాలు, కంపనాలను పట్టే పట్టీలు, మైకులు, ఉష్ణ సెన్సర్లు ఇందులో ముఖ్య సాధనాలు. పరుపు కింద పరిచే పట్టీ మంచానికి ఆనుకుని ఉన్నా మనిషి చర్మానికి తగలదు కాబట్టి దాన్నీ ఈ కోవలోకే చేరుస్తారు.

ఒక్కసారి తీసే కొలత విషయంలో ఇవి చాలావరకు ఈసీజీకి, వేలికి పెట్టే ఆక్సీమీటరుకు సాటిరావు. అదే మనిషిని అదే ఇంట్లో నెలల తరబడి గమనిస్తూ, వారం కిందటి అలవాటుకీ ఇవాళ్టి తీరుకీ మధ్య తేడాను పట్టుకోవడం వీటి బలం. వృద్ధుల మీద పెట్టుకోవాల్సిన, నొక్కాల్సిన, ఛార్జి చేయాల్సిన భారాన్ని ఈ సాంకేతికత తీసేస్తుంది. అయితే ఆ భారం మాయం కాదు. కొంత సంకేతాలను విడదీసే గణితం మీద, కొంత ఇంటి గోప్యత మీద, మిగిలింది అలారం మోగినప్పుడు పరుగెత్తాల్సిన మనిషి మీద పడుతుంది. ఈ రంగంలోని విజయాలూ వైఫల్యాలూ ఎక్కువగా ఈ మూడు చోట్లే కనిపిస్తాయి.

అవసరం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అన్ని వయసులవారూ కలిపి ఏటా దాదాపు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. అనుకోని గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో జరుగుతున్నాయి. ప్రాణాపాయం 60 ఏళ్లు దాటినవాళ్లకే ఎక్కువ.

పడినప్పుడు తగిలిన దెబ్బ ఒక ఎత్తు, లేవలేక గంటల కొద్దీ నేలమీదే ఉండిపోవడం ఇంకో ఎత్తు. అలా ఉండిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒత్తిడి పడ్డచోట చర్మం పుండవుతుంది, నలిగిన కండరాల నుంచి రక్తంలోకి చేరే పదార్థాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అందుకే పడిపోయిన సంగతి ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు.

మెడలో వేసుకుని, ఆపద వస్తే నొక్కే మీటలు 1970ల నుంచి పాశ్చాత్య దేశాల్లో వాడుకలో ఉన్నాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 90 ఏళ్లు దాటినవాళ్లను ఏడాదిపాటు గమనించిన ఒక అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఒంటరిగా ఉండగా పడి లేవలేకపోయినవాళ్లలో 80 శాతం మంది, అందుబాటులో అలారం ఉండి కూడా దాన్ని వాడలేదని అందులో తేలింది. మీట అవతల గదిలో ఉండిపోవడం, నొక్కే ఓపిక లేకపోవడం, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనే మొహమాటం ఇలాంటి చోట్ల మామూలుగా ఎదురయ్యే కారణాలు. స్మార్ట్ వాచీలకూ ఇదే చిక్కు. స్నానానికి వెళ్తూ తీసి పెడతారు, ఛార్జింగ్ పెట్టడం మరిచిపోతారు. మతిమరుపు వ్యాధి ఉన్నవాళ్లు చేతికేదో బిగించారని పీకి పడేస్తారు. సెన్సరు పనిచేయడానికి వృద్ధుల సహకారం, జ్ఞాపకశక్తి అవసరం లేకుండా చేయాలన్న ఆలోచన ఇక్కడి నుంచి బలపడింది.

చరిత్ర

ఈ రంగం వేళ్లు కంప్యూటర్ల కన్నా పాతవి. తూకపు యంత్రం మీద నిలబడ్డ మనిషి గుండె కొట్టుకున్నప్పుడల్లా ముల్లు కదులుతోందని 1877లో జె. డబ్ల్యు. గోర్డన్ అనే ఆంగ్లేయుడు రాశాడు. 1930ల చివర అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఐజాక్ స్టార్ అనే వైద్యుడు తేలిగ్గా ఊగే బల్లమీద రోగిని పడుకోబెట్టి ఈ కదలికను గీతలుగా నమోదు చేశాడు. బాలిస్టోకార్డియోగ్రఫీగా పేరొందిన ఆ పద్ధతి అల్ట్రాసౌండ్ రావడంతో మూలపడి, ఈ శతాబ్దంలో పరుపు కింది సెన్సరుగా తిరిగొచ్చింది.

రేడియో తరంగాల దారి వేరు. మైక్రోతరంగాలతో దూరం నుంచే ఊపిరిని కొలవవచ్చని 1975లో జేమ్స్ లిన్ చూపించాడు. తర్వాతి దశకాల్లో ఈ విద్య శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లను వెతకడానికి పనికొచ్చింది. 2015 ఏప్రిల్‌లో నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు, నాసా జెట్ ప్రొపల్షన్ లేబరేటరీ రూపొందించిన ఫైండర్ అనే రాడార్ గుండె చప్పుడు ఆధారంగా శిథిలాల కింద నలుగురు సజీవంగా ఉన్నట్టు పసిగట్టింది. అంతకు కొన్నేళ్ల ముందే మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ)లో దీనా కతాబి, ఆమె విద్యార్థి ఫదెల్ అదీబ్ తదితరులు గోడ అవతలి మనిషి కదలికను రేడియో తరంగాలతో పట్టే పరికరాలు చేశారు. వృద్ధులు పడిపోతే గుర్తించే ఎమరాల్డ్ అనే రూపాన్ని 2015లో శ్వేతసౌధంలో అధ్యక్షుడు ఒబామా ముందు ప్రదర్శించారు.

మూడో దారి కెమెరా. వేలికి వెలుగు వేసి రక్తప్రవాహాన్ని కొలిచే పద్ధతికి 1930లలో అల్రిక్ హెర్ట్‌జ్‌మన్ పునాది వేశాడు. ప్రత్యేకమైన వెలుగు లేకుండా, గది వెలుతురులో మామూలు కెమెరాతో ముఖాన్ని తీసినా నాడి తెలుస్తుందని 2008లో విమ్ వెర్‌క్రూసే బృందం ప్రచురించింది. 2012లో ఎంఐటీ పరిశోధకులు కంటికి ఆనని ఆ రంగు మార్పును వీడియోలో పెద్దది చేసి చూపినప్పుడు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ముఖం ఎర్రబడి తెల్లబడటం అందరికీ కనిపించింది.

పనిచేసే తీరు

రాడార్

నేడు ఎక్కువగా ప్రచారంలో ఉన్నవి 24, 60, 77 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల దగ్గర పనిచేసే చిన్న రాడార్లు. చిప్పు గోరంత ఉంటుంది, పెట్టె అరచేతిలో ఇముడుతుంది. 60 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 5 మిల్లీమీటర్లు. విశ్రాంతిగా ఊపిరి తీసినప్పుడు ఛాతీ కొన్ని మిల్లీమీటర్లు, దాదాపు 4 నుంచి 12 దాకా, ముందుకీ వెనక్కీ కదులుతుంది. గుండె చప్పుడుకు వచ్చే కదలిక అర మిల్లీమీటరుకు మించదు. తరంగం ఛాతీని తాకి తిరిగొచ్చేటప్పుడు దాని దశలో వచ్చే మార్పును కొలిస్తే ఈ సూక్ష్మ కదలికలు బయటపడతాయి.

ఇక్కడే గణితం మీద భారం పడుతుంది. పెద్దవాళ్లు విశ్రాంతిలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, గుండె 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. రెండు వేగాలూ వేరు కాబట్టి విడదీయడం తేలికనిపిస్తుంది. కానీ ఊపిరి కదలిక నున్నటి తరంగం కాదు. నిమిషానికి 20 సార్లు ఊపిరి తీసే మనిషి సంకేతంలో 40, 60, 80 దగ్గర కూడా ఉపతరంగాలు కనిపిస్తాయి. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటుంటే ఊపిరి ఉపతరంగం సరిగ్గా దానిమీదే పడుతుంది, అదీ దానికన్నా బలంగా. అందుకే ఊపిరి లెక్కలో రాడార్లు బాగా నెగ్గుకొస్తాయి, గుండె లెక్కలో తడబడతాయి. మనిషి పక్కకు ఒత్తిగిలితే, మాట్లాడితే, దగ్గితే ఆ కాసేపు లెక్క వదిలేయాల్సిందే.

దూరాన్ని విడదీయడం ఇంకో మెట్టు. రాడార్ 4 గిగాహెర్ట్జ్ వెడల్పు పట్టీని ఊడ్చుకుంటూ పోతే 3.75 సెంటీమీటర్ల తేడాతో ఉన్న రెండు వస్తువులను వేరుగా చూడగలదు. ఒకే మంచం మీద భార్యాభర్తలిద్దరున్నా రాడార్ నుంచి వాళ్ల దూరాలు వేరైతే ఇద్దరి ఊపిరీ విడిగా లెక్కించే వీలు ఇలా వస్తుంది. పడిపోవడాన్ని గుర్తించేటప్పుడు ఛాతీని పట్టించుకోరు. మనిషి నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనులను చుక్కల గుంపుగా చూసి, ఆ గుంపు ఎంత వేగంగా ఎంత కిందికి దిగింది, నేలమట్టంలో ఎంతసేపు కదలకుండా ఉంది అన్నది లెక్కేస్తారు.

రాడార్ తరంగాలు దుప్పటి, దోమతెర, పలచని చెక్క దాటి వెళ్తాయి. చీకటైనా, ఆవిరి కమ్మినా పనిచేస్తాయి. ముఖం కనిపించదు కాబట్టి కెమెరా పెట్టలేని స్నానాల గదిలో పెట్టవచ్చు. ఎక్స్-రేల మాదిరి వీటికి అణువులను చెదరగొట్టే శక్తి లేదు, వెలువడే శక్తి కూడా సెల్‌ఫోను కన్నా తక్కువ.

వై-ఫై

ఇంట్లో రౌటరు నుంచి వెలువడే సంకేతం గోడలకూ మనుషులకూ తగిలి అనేక దారుల్లో ఫోనుకో టీవీకో చేరుతుంది. మనిషి కదిలితే ఆ దారులు మారతాయి. ఆ మార్పుల్లోంచి కదలికను, అనువైన చోట ఊపిరిని కూడా చదవవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు కావడంతో రాడార్ అంత సూక్ష్మత రాదు. కొత్తగా పరికరం కొనక్కర్లేకపోవడం దీని ఆకర్షణ. వై-ఫైని సెన్సరుగా వాడటానికి 802.11బీఎఫ్ అనే ప్రమాణం 2025లో ఆమోదం పొందింది.

కెమెరాలు

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి, కెమెరాకు చేరే ఆకుపచ్చ వెలుగు కొద్దిగా తగ్గుతుంది. నుదురు, చెంపల మీద ఈ హెచ్చుతగ్గులను లెక్కిస్తే నాడి తెలుస్తుంది. చిక్కల్లా మెలనిన్‌తో. నల్లని చర్మంలో అది వెలుగును ముందే పీల్చుకోవడంతో సంకేతం బలహీనపడుతుంది. నలుపు ఎక్కువైన కొద్దీ కచ్చితత్వం తగ్గుతుందని పలు అధ్యయనాలను క్రోడీకరించిన పరిశీలనలు చెబుతున్నాయి. తెల్లవాళ్ల ముఖాల మీద సాధన చేసిన పద్ధతిని మన దేశంలో వాడేముందు ఇక్కడి వృద్ధుల మీద పరీక్షించడం తప్పనిసరి.

రంగును కాకుండా ఆకారాన్ని, లోతును మాత్రమే చూసే డెప్త్ కెమెరాలు నడక కొలవడానికి వాడుకలో ఉన్నాయి. ఒంటి వేడిని గళ్లుగా చూసే ఉష్ణ సెన్సర్లు ఇంకా సరళం. ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది గళ్లు ఉండే పానసోనిక్ గ్రిడ్-ఐ వంటి సెన్సరుకు మనిషి ముఖం అర్థం కాదు, మనిషి ఉన్నాడా, నిలబడ్డాడా, పడుకున్నాడా అన్నది మాత్రం అర్థమవుతుంది. కోవిడ్ రోజుల్లో గుమ్మాల దగ్గర నుదుటికి చూపిన థర్మామీటరు కూడా ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అయితే అది కొలిచేది చర్మం వేడి, ఒంటి లోపలి వేడి కాదు.

పరుపు కింది సెన్సర్లు

గుండె రక్తాన్ని బృహద్ధమనిలోకి చిమ్మినప్పుడల్లా, తుపాకీ పేలితే భుజానికి తగిలే తన్నులాగా, శరీరం కొంచెం ఎదురు దిశలో కదులుతుంది. ఈ కదలికను పీడన విద్యుత్ పట్టీతోనో గాలి, నీరు నింపిన గొట్టాలతోనో పట్టుకుంటారు. పడుకున్నంతసేపూ మనిషి దాదాపు కదలకుండా ఉంటాడు కాబట్టి గుండె వేగం లెక్కలో ఇవి నమ్మకంగా పనిచేస్తాయి. జపాన్‌లో పారమౌంట్ బెడ్ సంస్థ వారి నెమురి స్కాన్ వృద్ధాశ్రమాల్లో, ఫ్రాన్స్‌కు చెందిన విథింగ్స్ పట్టీ ఇళ్లలో ప్రచారం పొందాయి. మంచం దిగితే వీటికి పని లేదు.

శబ్దం

గుండె ఆగిపోయిన మనిషి చాలాసార్లు కొద్దిసేపు ఎగశ్వాసలు తీస్తాడు. ఆ శబ్దాన్ని పడకగదిలోని ఫోను లేదా స్మార్ట్ స్పీకరు గుర్తించగలదని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో చూపారు. ఆరు మీటర్ల దూరం దాకా 97 శాతం సందర్భాల్లో అది పనిచేసింది. ఈ బృందంలో మద్రాసు ఐఐటీలో చదువుకున్న శ్యామ్ గొల్లకోట ఒకరు. వినబడని శబ్దాన్ని ఫోను నుంచి పంపి, ఛాతీని తాకి తిరిగొచ్చే ప్రతిధ్వనితో నిద్రలో ఊపిరి ఆగడాన్ని పట్టే పద్ధతిని ఆయనా, రాజలక్ష్మి నందకుమార్ తదితరులూ 2015లోనే ప్రకటించారు.

ఇంటి వాడకం

అన్నిటికన్నా సాదా పద్ధతి ఒంటిని వదిలేసి ఇంటిని గమనించడం. తలుపు, ఫ్రిజ్, స్నానాల గది, నీళ్ల వాడకం, కరెంటు వాడకం రోజువారీ తీరు చెప్పేస్తాయి. 1996లో టోక్యోలోని ఇకెబుకురోలో ఒక వృద్ధురాలు, జబ్బుతో ఉన్న ఆమె కొడుకు చనిపోయి చాలా రోజుల దాకా ఎవరికీ తెలియకపోవడం జపాన్‌ను కదిలించింది. ఆ కలతలోంచి పుట్టిన పరికరాల్లో జోజిరుషి సంస్థ 2001లో తెచ్చిన ఐ-పాట్ ఒకటి. చూడటానికి టీ కాచుకునే మామూలు విద్యుత్ కెటిలే. లోపల ఒక రేడియో పరికరం ఉంటుంది. పెద్దాయన పొద్దున స్విచ్ వేసినా, వేడినీళ్ల కోసం మీట నొక్కినా ఆ సమయం నమోదవుతుంది, వేరే ఊళ్లో ఉన్న పిల్లలకు రోజుకు రెండుసార్లు ఈ-మెయిల్ వెళ్తుంది. రక్తపోటు, నాడి ఏదీ అది కొలవదు. రోజూ ఆరింటికి టీ పెట్టుకునే మనిషి పదైనా పెట్టుకోలేదంటే ఫోను చేయాలని మాత్రం తెలుస్తుంది.

వైద్యంలో ఉపయోగం

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం కొలంబియా పట్టణంలో టైగర్‌ప్లేస్ అనే వృద్ధుల నివాసం 2004లో మొదలైంది. మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్జొరీ స్కూబిక్, మెరిలిన్ రాంట్జ్ బృందాలు అక్కడి గదుల్లో కదలిక సెన్సర్లు, డెప్త్ కెమెరాలు, నీటి గొట్టాల పడక సెన్సర్లు అమర్చి ఏళ్ల తరబడి గమనించాయి. ఇంత దీర్ఘకాలం సాగిన ప్రయోగాలు ఈ రంగంలో అరుదు. నడక వేగం సెకనుకు 5 సెంటీమీటర్లు తగ్గిన వృద్ధులు తర్వాతి మూడు వారాల్లో పడిపోయే అవకాశం 86 శాతం అని అక్కడ తేలింది. అంత చిన్న తేడా కంటికి ఆనదు, ఆ మనిషికీ తెలియదు. రాత్రిపూట స్నానాల గదికి వెళ్లే సంఖ్య పెరిగితే మూత్ర సంబంధమైన ఇన్‌ఫెక్షన్ అనుమానించి నర్సు ముందే పలకరించేది. సెన్సర్లున్న గదుల్లోని వృద్ధులు అక్కడ సగటున 1,557 రోజులు ఉండగలిగితే, లేనివాళ్లు 936 రోజులే ఉండగలిగారు. అయితే ఈ లాభం ఒక్క సెన్సర్లదే కాదు. సంకేతం రాగానే వచ్చి చూసే నర్సులు అదే భవనంలో ఉండటం ఆ ప్రయోగంలో విడదీయరాని భాగం.

నాడీ వ్యాధుల విషయంలో కతాబి బృందం 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో ప్రచురించిన పని పేరు తెచ్చుకుంది. 7,671 మంది నిద్రలో తీసే ఊపిరి తీరును బట్టి పార్కిన్‌సన్స్ వ్యాధిని గుర్తించి, దాని తీవ్రతను అంచనా వేసే కృత్రిమ మేధ నమూనాను ఈ బృందం తయారుచేసింది. ఆ ఊపిరి కొలతల్లో కొన్ని ఛాతీకో పొట్టకో కట్టే బెల్టుతో, కొన్ని గదిలో పెట్టిన రేడియో పరికరంతో తీసినవి.

వైద్య అనుమతులు కొలతను బట్టి వస్తాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2012లో విడివడిన ఆక్స్‌హెల్త్ కెమెరా పద్ధతికి, జాండర్ కార్డియన్ రాడార్‌కు నాడి, ఊపిరి కొలతల కోసం అమెరికా ఎఫ్‌డీఏ 2021లో అనుమతులిచ్చింది. కెమెరాతో రక్తపోటు, ఆక్సిజన్ చెబుతామనే ప్రచారం మాత్రం ఆధారాలను మించి సాగుతోంది. వాటికి పట్టీ కట్టే యంత్రం, వేలి ఆక్సీమీటరే ఇప్పటికీ ప్రమాణం.

భారతదేశంలో

2011 జనాభా లెక్కల్లో దేశంలో 60 ఏళ్లు నిండినవాళ్లు సుమారు 10.4 కోట్లు. 2050 నాటికి వాళ్లు 34.7 కోట్లకు, అంటే జనాభాలో 20.8 శాతానికి చేరతారని 2023 నాటి ఇండియా ఏజింగ్ రిపోర్ట్ అంచనా. 2021 అంచనాల్లో ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులు 12.4 శాతం, తెలంగాణలో 11 శాతం. అరవై దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, మతిమరుపు వ్యాధి ఉందని వృద్ధాప్యం మీద జరిగిన జాతీయ సర్వే లాసీకి అనుబంధంగా సాగిన అధ్యయనం లెక్కగట్టింది.

దేశీయంగా ఎక్కువ ప్రాచుర్యం పొందింది డోజీ. ఐఐటీల్లో చదివిన ముదిత్ దండ్‌వతే, గౌరవ్ పార్చానీ 2015లో బెంగళూరులో నెలకొల్పిన సంస్థ దీన్ని తయారుచేస్తోంది. పరుపు కింది పట్టీతో గుండె వేగాన్ని, ఊపిరిని ఎడతెగకుండా కొలిచి నర్సుల గదిలోని తెరకు పంపే ఈ పద్ధతి కోవిడ్ కాలంలో ఐసీయూ మంచాలు చాలని ఆస్పత్రుల్లోకి ప్రవేశించింది.

రాడార్ల రాక నెమ్మదిగా సాగింది. చేతి సైగలను గుర్తించే 60 గిగాహెర్ట్జ్ సోలీ రాడార్‌తో గూగుల్ 2019లో తెచ్చిన పిక్సెల్ 4 ఫోను మన దేశంలో విడుదల కాలేదు. ఆ పౌనఃపున్యం వాడకానికి ఇక్కడ అనుమతి దొరక్కపోవడమే కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. అదే సోలీ 2021లో అమెరికాలో గూగుల్ నెస్ట్ హబ్‌లోకి చేరి, మంచం పక్కన పెడితే నిద్రను కొలిచే సాధనమైంది.

మన ఇళ్ల తీరు కూడా పరీక్షే. పైకప్పుకు తిరిగే ఫ్యాను రాడార్‌కు ఎప్పుడూ ఆగని కదలిక, పరుపు కింది పట్టీకి ఆగని కంపనం. నవారు, నులక మంచాల అడుగు మెత్తగా ఊగుతుంది కాబట్టి గట్టి చెక్క మంచానికి సరిచూసిన పట్టీ అక్కడ అలాగే పనిచేస్తుందని నమ్మలేం. వేసవిలో మంచం వరండాలోకో డాబా మీదికో మారుతుంది. మధ్యాహ్నం తాతయ్య మంచం మీద మనవడు నిద్రపోతే నాడి వేగం ఒక్కసారిగా పెరిగినట్టు నమోదవుతుంది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద రౌటరు కూడా ఉందో లేదో చూసుకోవాలి. ఇవి సాంకేతికతకు అడ్డుగోడలు కావు, అమర్చే ముందు ఆ ఇంట్లోనే సరిచూసుకోవాల్సిన సంగతులు.

పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో స్థిరపడి, తల్లిదండ్రులు ఊళ్లో ఇద్దరే మిగిలిన ఇళ్లు కోస్తా జిల్లాల్లోనూ తెలంగాణ పట్టణాల్లోనూ మామూలైపోయాయి. ఇలాంటి కుటుంబాల్లో హాల్లోనో వాకిట్లోనో సీసీ కెమెరా పెట్టి ఫోనులో చూసుకోవడం చాలాకాలంగా ఉన్నదే. రాడార్, పరుపు పట్టీ వంటివి ఆ కెమెరా కన్నా తక్కువ చూపిస్తూ ఎక్కువ చెప్పగలవు.

పరిమితులు

తప్పుడు అలారం ఈ రంగానికి మొదటి శత్రువు. ఒక వృద్ధురాలు ఏడాదికి రెండుసార్లు పడిపోతుందనుకుందాం. పరికరం రోజుకు ఒక్కసారే పొరబడినా ఏడాదిలో 365 తప్పుడు పిలుపుల మధ్య రెండు నిజమైనవి ఉంటాయి. నెల తిరక్కుండానే ఇంట్లోవాళ్లు ఫోను శబ్దం ఆపేస్తారు. సెన్సరును మొద్దుబారిస్తే తప్పుడు అలారాలు తగ్గుతాయి కానీ గోడ పట్టుకుని నెమ్మదిగా జారిపడిన సందర్భం దాటిపోతుంది. వృద్ధులు పడిపోయే తీరు చాలాసార్లు అలాంటిదే. ప్రయోగశాలల్లో పరుపుల మీద పడి చూపించే యువ వాలంటీర్లతో నేర్పిన పద్ధతులు ఇళ్లలో అంత బాగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

అలారం మోగలేదంటే అంతా బాగున్నట్టేనని ధీమా పడటం రెండో ప్రమాదం. రాడార్ చూపు పడని మూలలో, సెన్సరు లేని పెరట్లో పడితే ఏ కబురూ రాదు.

గోప్యత, సమ్మతి

ముఖం చూపించదు కాబట్టి రాడార్ గోప్యతకు హాని చేయదని అమ్మకందార్లు చెబుతారు. కానీ ఎవరు ఎన్నింటికి లేచారు, రాత్రి ఎన్నిసార్లు స్నానాల గదికి వెళ్లారు, ఇంటికి ఎవరొచ్చి ఎంతసేపు ఉన్నారు అన్నవన్నీ ఆ సమాచారంలో ఉంటాయి. పనిమనిషి, కేర్‌టేకర్ కదలికలూ వాళ్లకు తెలియకుండానే నమోదవుతాయి. బ్రిటన్‌లో మానసిక ఆరోగ్య వార్డుల్లో ఆక్స్‌హెల్త్ కెమెరాల మీద రోగుల సంఘాలు అభ్యంతరం లేవదీశాక, ఇలాంటి సాంకేతికతను ఎలా వాడాలో చెబుతూ అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ 2025లో మార్గదర్శక సూత్రాలు వెలువరించింది.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్పష్టమైన సమ్మతిని, దాన్ని వెనక్కి తీసుకునే హక్కును నిర్దేశిస్తుంది. వ్యక్తులు తమ సొంత, ఇంటి అవసరానికి వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు. అంటే కొడుకు ఇంట్లో పెట్టి చూసుకునే కెమెరా చట్టం వెలుపల, ఆ కెమెరా సమాచారాన్ని దాచుకునే సంస్థ చట్టం లోపల. వైకల్యం ఉన్నవాళ్ల తరఫున చట్టబద్ధ సంరక్షకులు సమ్మతి ఇవ్వవచ్చు. జ్ఞాపకశక్తి మెల్లగా సన్నగిల్లుతున్న తల్లికి అలాంటి సంరక్షకులను ఏర్పాటు చేసే కుటుంబాలు అరుదు. ఆమె బాగున్నప్పుడే అడిగి, ఏ గదిలో ఏది పెట్టాలో, కబురు ఎవరికి వెళ్లాలో ఆమె మాటమీదే నిర్ణయించడం ఉత్తమం. ఇక వైద్య పరికరంగా అమ్మేవి, సాఫ్ట్‌వేర్‌తో సహా, 2020 ఏప్రిల్ 1 నుంచి ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. ఆరోగ్య సలహా పరికరంగా మాత్రమే అమ్ముడయ్యే వాటి మాటలకు అంత పూచీ ఉండదు.

స్పందన వ్యవస్థ

తెనాలిలో రాత్రి రెండు గంటలకు తల్లి పడిపోతే డల్లాస్‌లో కూతురికి వేసవిలో మధ్యాహ్నం మూడున్నర. ఆమె మేలుకునే ఉంటుంది, కబురు క్షణంలో అందుతుంది. తలుపు తట్టాల్సింది మాత్రం పక్కింటివాళ్లు. తాళం మరో చెవి ఎవరి దగ్గర ఉంది, లోపలి గడియ వేసి ఉంటే ఎలా, ఆటో పిలవాలా అంబులెన్సా అన్నవి ముందే అనుకుని ఉండాలి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలైంది. వృద్ధుల సహాయవాణి 14567 కూడా హైదరాబాదులో పుట్టి, 2021లో జాతీయ స్థాయికి పెరిగింది. తెలుగు రాష్ట్రాల్లో పిలుపు అందుకునే నంబర్లకు లోటు లేదు. ఇంటి సెన్సరు నుంచి ఆ నంబరు దాకా మధ్యలో నిలబడి, నిజమా కాదా తేల్చే మనిషిని ఏర్పాటు చేసుకోవడం మాత్రం ప్రతి కుటుంబానికీ విడిగా మిగిలిన పని.

ఈ కారణంగానే నిపుణులు పరికరం ఎంపికను చివర పెట్టమంటారు. ముందు ఏ ప్రమాదానికి భయపడుతున్నారో తేల్చుకోవాలి. పడిపోవడమైతే స్నానాల గదిలో రాడార్, గుండె జబ్బైతే పరుపు పట్టీ, ఒంటరితనమైతే ఐ-పాట్ లాంటి సాదా గుర్తు చాలు. తర్వాత కబురు అందుకునే ఇద్దరి పేర్లు, వాళ్లు రాలేకపోతే మూడో పేరు రాసుకోవాలి. ఆ మూడు పేర్లు దొరకని ఇంట్లో ఎంత ఖరీదైన సెన్సరు పెట్టినా అది జరిగిన ప్రమాదాన్ని నమోదు చేసే పరికరంగానే మిగులుతుంది. ఆ పేర్లున్న చోట చవక సెన్సరు కూడా మనిషిని సకాలంలో ఆస్పత్రికి చేరుస్తుంది.